కనుబొమ్మలకు ఇంట్లోనే రంగు వేసుకోవచ్చా? నల్ల మెహందీ పడనివారు తప్పక తెలుసుకోవలసిన విషయం

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. వచ్చే నెలలో మా అక్క పెళ్లి ఉంది. పార్లర్‌లో చేసే ఐబ్రో లామినేషన్ (కనుబొమ్మల వెంట్రుకలను ఒక వైపు దువ్వి అలాగే నిలిచేలా చేయడం), టింట్ (రంగు వేయడం) ఇంట్లోనే చేసుకుందామని ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించాను. రంగు చాలకపోతే తలకు వేసుకునే నల్ల డై కొద్దిగా వాడుకోవచ్చని ఒక వీడియోలో చెప్పారు. ఏడాదిగా నా కనుబొమ్మల చివరి భాగం పలచబడుతోంది. మొటిమలకు రాత్రిపూట అడాపలీన్ జెల్ రాసుకుంటున్నాను. రెండేళ్ల కిందట జాతరలో చేతికి నల్ల మెహందీ డిజైన్ వేయించుకుంటే పది రోజుల తర్వాత అక్కడ దురద, నీటిపొక్కులు వచ్చాయి. కిట్ వాడవచ్చా? అక్క కూడా వాడతానంటోంది.

జవాబు: ఆ కిట్‌లోని రంగును మీరు వాడవద్దు. తలకు వేసుకునే డైను కనుబొమ్మలకు అసలే తాకించవద్దు. ఇంత ఖచ్చితంగా చెప్పడానికి కారణం మీరు రాసిన మాటల్లోనే ఉంది. జాతరలో మీ చేతికి వేసినది అచ్చమైన గోరింటాకు అయి ఉండదు. గోరింటాకు ఎర్రగా పండుతుందే గాని గంటలో బొగ్గులా నల్లబడదు; అలా నల్లబడడం కోసం అందులో పారా-ఫినైలిన్‌డయామిన్ అనే రసాయనాన్ని కలుపుతుంటారు. దీన్నే క్లుప్తంగా పీపీడీ అంటారు. చాలా నల్ల హెయిర్ డైలలో రంగునిచ్చేది కూడా ఇదే. పొక్కులు పది రోజులకు వచ్చాయన్న మీ మాట నాకు చాలా ముఖ్యమైనదిగా తోచింది, ఎందుకంటే ఒక రసాయనం మొదటిసారి తగిలినప్పుడు శరీరం దాన్ని గుర్తుపట్టి ఎదురుతిరగడానికి సుమారు ఒకటి రెండు వారాలు పడుతుంది. ఒకసారి గుర్తుపట్టిన తర్వాత శరీరం దాన్ని ఏళ్ల తరబడి మరిచిపోదు. మళ్లీ అదే తగిలితే ఒకటి రెండు రోజుల్లోనే, కొందరిలో కొన్ని గంటల్లోనే, మునుపటికంటే తీవ్రంగా స్పందిస్తుంది. పైగా కనురెప్ప చర్మం శరీరం మొత్తంలో అతి పలుచనిది కాబట్టి, రంగును కనుబొమ్మ మీదే జాగ్రత్తగా రాసినా వాపు రెప్పలకు దిగి కళ్లు తెరవలేని స్థితి రావచ్చు.

తలకు వేసుకునే డై పెట్టెను ఒకసారి తిప్పి చూడండి. పీపీడీ ఉన్న డైలను కనురెప్పల వెంట్రుకలకు గాని, కనుబొమ్మలకు గాని వేయరాదనీ, వేస్తే చూపు పోయే ప్రమాదం ఉందనీ మన దేశ నిబంధనల ప్రకారం లేబుల్ మీద ముద్రించి తీరాలి. ఈ హెచ్చరికను ఎవరూ మొక్కుబడిగా రాయలేదు. 1933లో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే కనురెప్పల రంగు వాడిన స్త్రీలలో కొందరి కళ్లు తీవ్రంగా దెబ్బతిన్నాయి, చూపు పోయినవారూ ఉన్నారు, ఒకరు మరణించారు. సౌందర్య సాధనాలను ప్రభుత్వ నియంత్రణ కిందికి తెచ్చిన 1938 నాటి అమెరికా చట్టానికి దారితీసిన ఘటనల్లో అది ఒకటి. ‘హెన్నా బ్రో’ అని రాసి ఉన్న పొడులను కూడా ఆ పేరు చూసి నమ్మవద్దు. పదార్థాల జాబితా ఆసాంతం చదవాలి, జాబితాయే లేకపోతే కొనకూడదు. మోచేతి మడతలో కొద్దిగా రాసి 48 గంటలు చూడమని కిట్‌లో రాసి ఉంటుంది, కానీ ఒకసారి పొక్కులు వచ్చిన మీరు ఆ పరీక్షను ఇంట్లో చేసుకోవద్దు. అవసరమైతే చర్మవైద్యులు అనుమానమున్న పదార్థాలను వీపు మీద అతికించి చూసే ప్యాచ్ టెస్ట్ చేసి నిర్ధారిస్తారు.

ఇక లామినేషన్ సంగతి. జుట్టును ఉంగరాలు తిప్పే పెర్మింగ్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. థయోగ్లైకోలేట్ వంటి క్షార ద్రావణం వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్ బంధాలను విడదీస్తుంది. వెంట్రుకలను కావలసిన వైపు దువ్విన తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి రెండో ద్రావణం ఆ బంధాలను మళ్లీ బిగిస్తుంది. నిమిషాల లెక్క తప్పితే వెంట్రుక పెళుసై విరుగుతుంది, కింది చర్మం కమిలిపోతుంది. కనురెప్పల వెంట్రుకలను వంచే ద్రావణాల్లో థయోగ్లైకోలేట్‌ను ఐరోపా సమాఖ్య 11 శాతానికి పరిమితం చేసి, వాటిని శిక్షణ పొందినవారే వాడాలని నిర్దేశించింది. కళ్లు మూసుకుని పడుకున్నవారికి మరొకరు చేసే పనిని, కళ్లు తెరిచి అద్దంలో చూసుకుంటూ తనకు తానే చేసుకోవడం ఎంత ప్రమాదకరమో ఆలోచించండి. అడాపలీన్ వాడే చర్మం సులువుగా మండుతుంది, పొట్టు రేగుతుంది. కాబట్టి మీకు లామినేషన్ కూడా వద్దనే చెబుతాను, వ్యాక్సింగ్ అసలే వద్దు.

మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన మరో విషయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఏడాదిగా కనుబొమ్మల చివర్లు పలచబడుతున్నాయంటే, రంగుతో కప్పే ముందు కారణం తెలుసుకోవాలి. థైరాయిడ్ హార్మోన్ తగ్గినవారిలో ఈ లక్షణం కనిపిస్తుంది. అలసట, మలబద్ధకం, బరువు పెరగడం, నెలసరిలో తేడాలు కూడా ఉంటే అనుమానం బలపడుతుంది. టీఎస్‌హెచ్ అనే సాధారణ రక్తపరీక్షతో తేలిపోతుంది. ఏళ్ల తరబడి త్రెడింగ్‌లో ఎక్కువగా లాగించడం, పేనుకొరుకుడు, అలర్జీ వల్ల ఎప్పుడూ నలుపుకోవడం కూడా కారణాలు కావచ్చు. ఒడిశాలో కుష్ఠువ్యాధి ఇంకా పూర్తిగా పోలేదు గనుక, ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చలు, చేతులకో పాదాలకో తిమ్మిరి ఉన్నాయేమో కూడా చూసుకోండి. మీకు అదే ఉందని నేను అనడం లేదు, భయపడవద్దు. ఒకవేళ ఉన్నా ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చే మందులతో 6 నెలల్లో గాని, 12 నెలల్లో గాని పూర్తిగా నయమవుతుంది, కానీ సిగ్గుపడి దాచుకుంటే నరాలు దెబ్బతింటాయి.

పెళ్లికి మీరు చేయించుకోదగినది సాధారణ త్రెడింగ్. దానికి వారం ముందు నుంచే కనుబొమ్మల చుట్టూ అడాపలీన్ రాయడం ఆపండి, పెళ్లికి నాలుగైదు రోజుల ముందు త్రెడింగ్ చేయించుకోండి. దారాన్ని పంటితో పట్టుకోకుండా, మెడకు చుట్టుకుని లాగే పద్ధతిలో, ప్రతి ఒక్కరికీ కొత్త దారంతో చేసేవారి దగ్గరికే వెళ్లండి. ఖాళీలను ఐబ్రో పెన్సిల్‌తో పూరించుకుంటే చాలు, ఫొటోల్లో తేడా తెలియదు. త్రెడింగ్ చేయించిన రోజున, ఆ మరునాడు నలుగు పసుపును అక్కడ పూయనివ్వకండి. పెద్దవాళ్లు శుభమని పూస్తారు, వారి ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ అప్పుడే లాగిన రంధ్రాల్లో అది మంట పుట్టిస్తుంది.

ఈ జవాబు చేరేలోగా రంగు వేసేసుకుని ఉంటే వెంటనే నీళ్లతో బాగా కడిగేయండి. ఏ ద్రావణమైనా కంట్లో పడితే కాంటాక్ట్ లెన్సులు తీసేసి, కనీసం 15 నిమిషాలపాటు ధారగా శుభ్రమైన నీటితో కడిగి, ఆ తర్వాతే కంటి వైద్యుల దగ్గరికి బయలుదేరండి. ముందు ప్రయాణం, తర్వాత కడగడం అనుకుంటే నష్టం జరిగిపోతుంది. రెప్పలు వాచినా, చూపు మసకబారినా, ఊపిరి కష్టమైనా ఆ రోజే జిల్లా ఆసుపత్రికి గాని, బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రికి గాని వెళ్లండి. దురద తగ్గుతుందని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ ట్యూబును కళ్ల దగ్గర రాయవద్దు. ముఖం తెల్లబడుతుందని మన ప్రాంతంలో చీటీ లేకుండానే అమ్మే మూడు మందుల మిశ్రమ క్రీముల్లోనూ స్టెరాయిడ్ ఉంటుంది. వాటివల్ల పాడైన ముఖాలను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

మీ అక్కకు గతంలో ఏ అలర్జీ లేకపోయినా, ఇంతకుముందెన్నడూ వాడని కిట్‌ను పెళ్లి నెలలో మొదలుపెట్టవద్దని చెప్పండి. బాసికం కట్టేది సరిగ్గా ఆ నుదుటి మీదే. లామినేషన్ తప్పనిసరిగా కావాలనుకుంటే, ముందు మోచేతి మడతలో 48 గంటల పరీక్ష చేయించుకుని, పెళ్లికి కనీసం మూడు వారాల ముందు అనుభవమున్న బ్యూటీషియన్ చేత చేయించుకోమనండి. ఏదైనా తేడా వచ్చినా ముహూర్తం నాటికి చర్మం కోలుకోవడానికి ఆ వ్యవధి ఉంటుంది.