వేట బుద్ధి ఉన్న కుక్క ఇంట్లోకి పిల్లిని తేవచ్చా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీ కుక్కకు రెండేళ్లు, ఇంట్లో చాలా నెమ్మది, బయట మాత్రం ఉడుత కనిపించినా పిల్లి కనిపించినా చెయ్యి ఊడేలా లాగుతోంది అన్నారు. ఇప్పుడు ఒక పిల్లిపిల్లను తెచ్చుకోవాలనుకుంటున్నారు. ట్రైనింగ్ ఇస్తే ఈ బుద్ధి పోతుందా అని మీ ప్రశ్న.

పోదండీ. ఈ మాట ముందే చెప్పేవాళ్లు లేక నేను పెద్ద తప్పు చేశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఆ బుద్ధి దానితోనే ఉంటుంది. మనం మార్చగలిగేది దానికి దొరికే అవకాశాలను, వేట మొదలయ్యే క్షణంలో అది మన మాట వినే అలవాటును.

ముందుగా ఒకటి. ఇది కోపం కాదు. మనుషుల మీద మొరిగే కుక్కకూ ఉడుత వెంట పడే కుక్కకూ లోపల జరిగేది వేరు. వేటలో ఉన్న కుక్క సాధారణంగా గుర్రుమనదు, పళ్లు చూపించదు. దానికి అది ఆనందం. కనిపెట్టడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం, తినడం అనే మెట్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మనుషులు తమ పనుల కోసం ఒక్కో జాతిలో ఒక్కో మెట్టును పెంచుకుంటూ వచ్చారు. బోర్డర్ కోలీలో చూపు నిలపడం, పొంచడం, తరమడం బలంగా ఉంటాయి, కరవడం తగ్గించారు. రిట్రీవర్ మెత్తగా పట్టుకుని తెస్తుంది. గ్రేహౌండ్ కంటికి కదలిక తగిలితే చాలు, గంటకు 60 కిలోమీటర్లు దాటే వేగంతో వెళ్లిపోతుంది. టెర్రియర్లను ఎలుకల్లాంటి వాటిని పట్టి విదిలించి చంపడానికే పెంచారు. మీ కుక్క ఏ మెట్టు దగ్గర ఆగుతుందో గమనించండి. తరిమి, జంతువు ఆగిపోగానే తనూ ఆగిపోయే కుక్క వేరు, అందిందాన్ని పట్టి విదిలించే కుక్క వేరు. రెండోరకమైతే పిల్లి ఆలోచన మానుకోమనే చెప్తాను.

ఇక మా రాణి సంగతి. మూడేళ్ల వయసులో దాన్ని తెచ్చుకున్నాం, టెర్రియర్ కలిసిన కుక్క. అప్పటికే మా ఇంట్లో ఒక పిల్లి ఉంది. పుస్తకాల్లో చెప్పినట్టే చేశాం. మొదటి పది రోజులు వేర్వేరు గదులు, ఒకదాని దుప్పటి ఇంకోదానికి ఇచ్చి వాసన అలవాటు చేయడం, తర్వాత జాలీ తలుపుకు ఇటూ అటూ. మూడు నెలలకు ఒకే గదిలో పడుకునేవి. నాకు టెన్షన్ పూర్తిగా పోయింది. ఇంట్లోవాళ్లందరికీ రాణి మారిపోయిందని గర్వంగా చెప్పాను.

ఒక సాయంత్రం పిల్లి పెరట్లో ఉండగా నేను చూసుకోకుండా రాణిని వదిలాను. పిల్లి గోడ మీదికి ఎక్కబోయి జారి పరుగెత్తింది. ఆ పరుగే చాలింది. ఇంట్లో పక్కన పడుకునే పిల్లి, పెరట్లో పరుగెత్తే పిల్లి దానికి ఒకటి కాదు. నేను అరిచేలోపు పట్టేసింది, రెండుసార్లు విదిలించింది. నేను పిల్లిని పట్టుకుని లాగాను. అది నేను చేసిన రెండో తప్పు.

పైకి కనిపించింది రెండు చిన్న రంధ్రాలే. పెద్దగా ఏమీ కాలేదనుకుని తెల్లారాక వెళ్దామనుకున్నాం. మా అత్తగారు ఒప్పుకోలేదు, ఆ రాత్రే తీసుకెళ్లాం. ఆవిడ పట్టుబట్టడం వల్లే అది బతికింది. పిల్లి చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి పంటితో పాటు సాగుతుంది, పైన చిన్న గాటే పడుతుంది, కింద కండ మాత్రం చిరిగిపోతుందని డాక్టరు చూపించి చెప్పారు. కుక్క నోట్లో పడిన ఏ జంతువునైనా, బాగానే ఉన్నట్టు కనిపించినా, అదే రోజు డాక్టరుకు చూపించండి. అలాంటప్పుడు నోట్లో ఉన్న జంతువును లాగకండి, గాయం ఇంకా చిరుగుతుంది. కుక్క మెడపట్టీ గట్టిగా పట్టి తల విదిలించకుండా ఆపడమే మొదటి పని. ఆ గొడవలో మీకు పంటి గాటు పడితే సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, రేబిస్ ఇంజెక్షన్ సంగతి అక్కడ తేలుస్తారు.

ఆ తర్వాత మా ఇల్లు మారింది. రాణి, పిల్లి ఒకే గదిలో ఉన్నాయంటే మాలో ఒకరు అక్కడే ఉంటారు, రాణికి హార్నెస్ (ఛాతీకీ వీపుకూ చుట్టి వేసే పట్టీ), తాడు ఉంటాయి. మేం ఇంట్లో లేనప్పుడు వాటి మధ్య రెండు తలుపులు మూసి ఉంటాయి. ఒక తలుపు చాలదు, ఎవరో ఒకరు మర్చిపోతారు. పిల్లికి ప్రతి గదిలో మనిషి ఎత్తు అల్మారా మీద చోటు ఉంది, నేల మీదికి దిగకుండానే బయటికి వెళ్లగలదు. పెరట్లోకి రెండూ ఒకేసారి వెళ్లవు, ఎప్పటికీ. ఇలా ఐదేళ్లయింది. విసుగు పుట్టదా అని అడుగుతారు కొందరు. గ్యాస్ కట్టేశామా లేదా చూసుకున్నట్టే ఇది కూడా అలవాటైపోయింది.

బయట నడకల గురించి. ఇక్కడ ఎక్కువమంది కుక్క లాగడం మొదలుపెట్టాక పిలుస్తారు. అప్పటికే ఆలస్యం. దానికి ముందు ఒక్క క్షణం ఉంటుంది. నోరు మూసుకుంటుంది, చెవులు నిక్కబొడుచుకుంటాయి, మెడ ముందుకు సాగుతుంది, ఒంట్లో కదలిక ఆగిపోతుంది. కొన్ని ముందు కాలు ఎత్తి అలాగే నిలబడతాయి. పని చేయాల్సింది ఆ క్షణంలోనే. నేను రాణి పిల్లినో పావురాన్నో చూడగానే, బిగుసుకోకముందే, "శభాష్" అని దానికి బాగా ఇష్టమైన ముక్క పెట్టేదాన్ని. చూసినందుకే మెచ్చుకోవడం అన్నమాట. మొదట్లో ఇది నాకే వింతగా తోచింది. కొన్ని వారాలకు పావురాన్ని చూసి, తనంతట తానే నా వైపు తిరగడం మొదలుపెట్టింది. దూరం ముఖ్యం. 40 అడుగుల దూరంలో ముక్క తినగలిగే కుక్క 10 అడుగుల దగ్గర తన పేరు పిలిచినా వినదు. ముక్క తీసుకోవడం లేదంటే మొండితనం కాదు, మీరు మరీ దగ్గరగా ఉన్నారని అర్థం. వెనక్కి నడవండి.

అయితే తరమడమే ఇష్టమైన కుక్కకు తిండి ఒక్కటే సరిపోదు. నేను "పద" అని ఎదురు దిక్కుకు పరుగెత్తి, వెంట వచ్చినందుకు గుడ్డ బొమ్మ విసిరి పట్టుకోనిచ్చేదాన్ని. ఒక పొడవాటి కర్రకు తాడు, తాడు చివర గుడ్డ కట్టి నేల మీద తిప్పే ఆట కూడా రోజూ ఐదు నిమిషాలు ఆడించాను. "పట్టు" అంటే పరుగు, "వదులు" అంటే ఆగాలి, ఆగితే మళ్లీ ఆట. దీనివల్ల వేట బుద్ధి ఇంకా పెరుగుతుందని కొందరు భయపడతారు. నా అనుభవంలో నియమం లేకుండా ఆడిస్తేనే ఆ ఇబ్బంది. ఎదిగే కుక్కపిల్లలతో మాత్రం ఎత్తుకు దూకించవద్దు, కీళ్లకు మంచిది కాదు. గడ్డిలో గింజల్లా తిండి చల్లి ముక్కుతో వెతికించడం వయసులో ఉన్న కుక్కకూ ముసలి కుక్కకూ బాగుంటుంది.

తాడు విషయంలో నేను రాజీ పడను. 10 మీటర్ల పొడవు తాడు, వీపు దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్‌కు. మెడపట్టీకి పొడవు తాడు కట్టకండి, పరుగు మధ్యలో తాడు బిగిస్తే మెడకు దెబ్బ. చేతికి చుట్టుకోకండి, వేళ్లు విరుగుతాయి. వెనక్కి చుట్టుకునే సన్నతాడు పరికరం ఇలాంటి కుక్కకు అసలు వద్దు. కుక్క పిలిస్తే వస్తోంది కదా అని విప్పేయకండి. ఒక్కసారి తరమగలిగితే, ఏమీ దొరక్కపోయినా, ఆ పరుగే దానికి బహుమతి. నెలల పాటు మీరు పెట్టిన ముక్కలన్నీ దాని ముందు దిగదుడుపే.

కొట్టడం, కరెంటు షాక్ ఇచ్చే పట్టీలు వాడమని మీకు సలహాలు వస్తాయి. దయచేసి వద్దు. నొప్పి పుట్టినప్పుడు ఎదురుగా పిల్లి ఉంటే, నొప్పి పిల్లి వల్లే వచ్చిందని కుక్క అనుకోవచ్చు. అప్పటిదాకా ఆటగా ఉన్నది పగ అవుతుంది. పిల్లిని చేతుల్లో ఎత్తుకుని కుక్క ముక్కు ముందు పెట్టి "ఫ్రెండ్" అని చెప్పడం కూడా చాలా ఇళ్లలో చూశాను. పిల్లికి అది నరకం, భయపడి దూకితే ఇద్దరికీ ప్రమాదం. మూతికి బుట్టలాంటి చిక్కం మాత్రం మంచిదే, సిగ్గుపడాల్సిందేమీ లేదు. అది వేసుకుని కుక్క రొప్పగలగాలి, నీళ్లు తాగగలగాలి. రెండు మూడు వారాలు తిండి పెడుతూ అలవాటు చేయండి. అది ఉన్నా గుద్ది గాయపరచగలదు, కాబట్టి చిక్కం ఉందని వదిలేసి వెళ్లిపోకూడదు.

కుందేళ్లు, పక్షులు ఉన్నవాళ్లకు ఒక మాట. వాటిని కుక్క కళ్ల ముందే ఉంచకండి. బోనులో క్షేమంగా ఉన్నా, గంటల తరబడి చూస్తూ కూర్చున్న కుక్కను చూసి కుందేలు తిండి మానేయవచ్చు. దానికి అది ప్రాణం మీదికి రావచ్చు.

మీ పిల్లిపిల్ల విషయానికొస్తే, ఈ కుక్క ఉన్న ఇంటికి పిల్లిపిల్ల వద్దనే నా అభిప్రాయం. చిన్నగా ఉంటుంది, కీచుమంటుంది, గెంతుతుంది, పరుగెత్తుతుంది. వేట కుక్కను రెచ్చగొట్టేవన్నీ దానిలోనే ఉన్నాయి. తప్పనిసరిగా పిల్లే కావాలంటే ఇదివరకే కుక్కలతో కలిసి పెరిగిన, ఎదిగిన, కుక్కను చూసి పారిపోని పిల్లిని వెతకండి. అది సరిపడకపోతే వెనక్కి తీసుకునే ఒప్పందం ముందే చేసుకోండి.

మీ కుక్క అద్దాల కిటికీలోంచి పిల్లిని చూసినప్పుడు మీరు పిలిస్తే ఎన్ని క్షణాలకు తిరుగుతుందో ఒక వారం లెక్కపెట్టి ఇక్కడ రాయండి. ఇంట్లో తలుపులు మూయగలిగే గదులు ఎన్ని ఉన్నాయో కూడా చెప్పండి. దాన్ని బట్టి ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలిసినంత చెప్తాను.