నాన్‌పారామెట్రిక్ పేపర్ తీసుకోవాలా, వదిలేయాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది నర్సంపేట దగ్గర పల్లె. హన్మకొండల ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ మొదటి సంవత్సరం చదువుతున్న. వచ్చే సెమిస్టర్‌ల ఎలక్టివ్‌గా నాన్‌పారామెట్రిక్ పద్ధతుల పేపర్ ఉంది. సీనియర్లేమో "అది మార్కులకు మంచిదే గని ఉద్యోగానికి పనికిరాదు, మెషిన్ లెర్నింగ్ నేర్చుకో" అంటున్నరు. అమీర్‌పేటల డేటా సైన్స్ కోర్సుకు అరవై వేలు అడుగుతున్నరు. మా బాపు ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి అమ్ముతడు, ఈ ఏడు అప్పు తెచ్చైనా ఫీజు కడతనంటున్నడు. అమ్మ మాత్రం బీఎడ్ చెయ్యమంటున్నది. ఏం చెయ్యాలె సార్?

జవాబు: పేపర్ తీసుకో బిడ్డా. ఆ అరవై వేలు మాత్రం ఇప్పుడు కట్టకు. ఎందుకో చెప్పడానికి నువ్వు రాసిన మిర్చి సంగతి చాలు.

ఎనుమాములలో పొద్దున్నే జెండా పాట అవుతుంది. ఆ రోజు పలికిన పెద్ద ధర అదే, మరునాడు పేపర్లో వచ్చేదీ అదే. కానీ ఆ ధర దక్కేది ఒకటి రెండు లాట్లకు. మీ బాపు బస్తాలకు ఎంత వచ్చిందో ఆయన్నే అడుగు, జెండా పాట పేరెత్తగానే నవ్వుతాడు. ఆ ఒక్క ధరను కలిపి సగటు తీస్తే మార్కెట్లో ఏ రైతుకూ రాని అంకె ఒకటి పుడుతుంది. ధరలను వరుసలో నిలబెట్టి మధ్యలోది చూస్తే మాత్రం మామూలు రైతు కనిపిస్తాడు. నాన్‌పారామెట్రిక్ అనే పెద్ద పేరు వెనక ఉన్న మొదటి ఆలోచన ఇంతే. అంకెలు గంట ఆకారంలో పరుచుకుని ఉంటాయని ముందే ఊహించుకోకుండా, ఏది ముందు ఏది వెనక అన్న వరుసను నమ్ముకోవడం.

ఒక ఉదాహరణ వేద్దాం. ధరలు నేను కల్పించినవే, లెక్క మాత్రం నిజం. ఒక రైతు ఐదు లాట్లు పట్టాల మీద ఎండబెట్టాడు, ఐదు లాట్లు కల్లంలో నేల మీద ఎండబెట్టాడు. క్వింటాకు వచ్చిన ధరలు ఇవి. పట్టా మీద ఎండినవి: 13,900, 14,050, 14,200, 14,500, 19,000. నేల మీద ఎండినవి: 13,200, 13,400, 13,650, 13,800, 13,950. ఆ 19,000 జెండా పాట అనుకో.

సగటులు 15,130, 13,600. తేడా 1,530 రూపాయలు. ఇంత తేడా ఉందిగా, రెండు సగటులను పోల్చే టీ టెస్టు పట్టేస్తుందనుకుంటాం. వేసి చూడు, టీ విలువ 1.56 దగ్గర ఆగిపోతుంది. 8 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు (పది లాట్లలోంచి రెండు సగటులు తీసేయగా మిగిలింది) పట్టికలో కావాల్సింది 2.306. అంటే పట్టా వల్ల తేడా ఉందని చెప్పలేం అంటుంది. ఆ ఒక్క 19,000 సగటును పైకి లాగింది, దానికంటే ఎక్కువగా చెదురును, అంటే ధరల మధ్య ఎడాన్ని, పెంచేసింది. లాభం చేసినట్టే చేసి మొత్తం ముంచింది.

ఇప్పుడు పదింటికీ చిన్నదాని నుంచి పెద్దదాకా ర్యాంకులు ఇవ్వు. నేల మీదివాటికి 1, 2, 3, 4, 6 వస్తాయి, మొత్తం 16. పట్టావి 5, 7, 8, 9, 10, మొత్తం 39. పదింట్లోంచి ఐదింటిని ఎంచే మార్గాలు 252. పట్టాకూ నేలకూ తేడానే లేకపోతే ఈ 252 అమరికలకూ సమాన అవకాశం ఉండాలి. నేల లాట్ల మొత్తం 16 గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చేవి వాటిలో రెండే. అటువైపు, ఇటువైపు కలిపితే నాలుగు. 252లో 4 అంటే 0.016. దీన్నే పి విలువ అంటారు, అది ఐదు శాతం, అంటే 0.05 గీత కంటే తక్కువ ఉంటే తేడా ఉందంటాం. తేడా ఉందని ఇప్పుడు ధైర్యంగా అనొచ్చు. సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, మార్కెట్లో చీటీ వెనక వేసుకునే లెక్క.

ఇంకో తమాషా ఉంది. టైపు చేసేవాడు నిద్రమత్తులో 19,000ను 1,90,000 అని కొట్టాడనుకో. సగటు యాభై వేలకు దగ్గరగా పోతుంది. ర్యాంకుల మొత్తం మాత్రం 39 దగ్గర్నుంచి కదలదు. డేటా పనిలో దిగాక నీ టైమంతా ఇట్లాంటి సున్నాలు వెతకడానికే పోతుంది, అప్పుడు ఈ మొండితనం విలువ తెలుస్తుంది.

ఈ లెక్కను 1945లో ముందుపెట్టిన ఫ్రాంక్ విల్‌కాక్సన్ స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ కాదు, పురుగుమందులూ తెగుళ్ల మందుల మీద పనిచేసిన కెమిస్టు. 1947లో మాన్, విట్నీ దాన్ని విస్తరించారు, అందుకే దీన్ని మాన్-విట్నీ పరీక్ష అని కూడా అంటారు. మళ్లలో నాలుగు మందులు కొట్టి ఆకుముడతకు మార్కులు వేస్తారే, అట్లాంటి చోట పనికొచ్చే ర్యాంకుల పరీక్షను 1937లో రాసింది మిల్టన్ ఫ్రీడ్‌మన్. తర్వాత 1976లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది ఈయనకే. వర్షపాతం ఏటేటా పెరుగుతోందా తగ్గుతోందా అని చూసేవాళ్లు రోజూ వాడే సెన్స్ స్లోప్‌లోని సెన్, మన కలకత్తాలో చదివిన ప్రణబ్ కుమార్ సేన్. ఆ పేపరు 1968ది. ఈ పద్ధతులు పొలం, వాన, పురుగు చుట్టూ ఎంత తిరిగాయో చూడు.

సీనియర్లు ఇంకో మాట కూడా అనే ఉంటారు: "నాన్‌పారామెట్రిక్‌కు బలం తక్కువ", అంటే ఉన్న తేడాను పట్టే శక్తి తక్కువని. సగం నిజం. డేటా నిజంగానే నార్మల్ (ఆ గంట ఆకారం) అయితే, పెద్ద శాంపిళ్లలో, విల్‌కాక్సన్ సామర్థ్యం టీ టెస్టులో 95.5 శాతం, అంటే 3ను π (3.14)తో భాగిస్తే వచ్చేది. పోయేది నాలుగున్నర శాతం. రెండు గుంపుల ఆకారం ఒకటే అయి, ఒకటి రెండోదానికంటే పక్కకు జరగడం మాత్రమే తేడా అయితే, డేటా ఎంత విచిత్రంగా ఉన్నా అది 86.4 శాతం కిందికి దిగదని హాడ్జెస్, లేమన్ 1956లో చూపించారు. పైకి మాత్రం హద్దు లేదు. నాలుగున్నర రూపాయలు కట్టి పంటకు బీమా చేయించుకున్నట్టు. వైవాలో ఎవరన్నా ఆ మాటంటే ఈ రెండు అంకెలు చెప్పు.

అట్లాగని దీన్ని మంత్రమనుకోకు. ఊహలేమీ అక్కర్లేదని రాసే గైడ్లు చాలా ఉన్నాయి, అది తప్పు. లాట్లు ఒకదానిమీద ఒకటి ఆధారపడకూడదన్న షరతు ఇక్కడా ఉంది. మాన్-విట్నీ మధ్యగతాలను (వరుసలో మధ్యలో ఉండే విలువలను) పోలుస్తుందని కళ్లు మూసుకుని రాస్తారు. రెండు గుంపుల ఆకారం ఒకేలా ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. టీ టెస్టూ ర్యాంకు టెస్టూ రెండూ వేసి, పి విలువ నచ్చినదాన్ని రిపోర్టులో పెట్టడం ఇంకో జబ్బు. ఏది వాడతావో డేటా తెరవకముందే రాసుకోవాలి.

నా తప్పొకటి చెప్తా. నా పీజీ ప్రాజెక్టులో ఒకే రోజు అమ్మిన రెండు రకాల ధరలు నా దగ్గర జతలు జతలుగా ఉన్నాయి. నేను జతలు విడగొట్టి రెండు గుంపులు చేసి మాన్-విట్నీ వేశాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక్కటే అడిగాడు: "సోమవారం మార్కెట్ పడితే రెండు ధరలూ పడతాయి కదా, ఆ సోమవారాన్ని ఎందుకు పారేశావు?" నోట మాట రాలేదు. జతలుంటే సైన్డ్ ర్యాంక్ పరీక్ష వేయాలి, అది ఒక్కో జతలోని తేడాకు ర్యాంకు ఇస్తుంది. దాంట్లోనూ ఒక గుంట ఉంది: ఐదు జతలే ఉంటే, ఐదూ ఒకే వైపు మొగ్గినా, రెండు వైపులూ కలిపి పి విలువ 32లో 2, అంటే 0.0625. ఐదు శాతం గీత దాటడం అసాధ్యం. ఆరు జతలుంటే 64లో 2, అప్పుడు 0.031. ఇది తెలియక ఐదు జతలు సేకరించి "తేడా లేదు" అని రాసినవాళ్లను చాలామందిని చూశాను. పైన నా పట్టా ఉదాహరణకూ ఈ ప్రశ్న తగులుతుంది. లాట్లు ఏయే రోజుల్లో అమ్మాడో నేను చెప్పలేదు. నువ్వు చదువుతూనే ఆ అనుమానం పడి ఉంటే నీకు ఈ పని వస్తుంది.

ఇక ఉద్యోగం. "నాన్‌పారామెట్రిక్ స్టాటిస్టీషియన్ కావలెను" అని ప్రకటన ఎక్కడా రాదు. అది నిజం, దాచను. కానీ హైదరాబాద్‌లో మందుల పరీక్షల డేటా చూసే కంపెనీలకు వెళ్తే, రక్తంలో మందు మోతాదు గరిష్ఠానికి చేరే సమయాన్ని పోల్చడానికి సైన్డ్ ర్యాంక్ వాడతారు. రోగి ఎన్నాళ్లు బతికాడన్న లెక్కకు 1958 నాటి కప్లాన్-మేయర్ గీత గీస్తారు. శాస్ సాఫ్ట్‌వేర్‌లో మాన్-విట్నీ లాంటి పరీక్షల కోసం ఎన్‌పార్‌వన్‌వే అని విడిగా ఒక ప్రొసీజరే ఉంది. మన వరంగల్‌లో మెడికల్ పీజీ విద్యార్థుల థీసిస్‌లు తెరిచి చూడు. నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు, ఒక్కో గుంపులో ముప్పై మంది, సగం మందికి ఒకే మార్కు. ఇలాంటి డేటా ఇస్తే ఆర్ సాఫ్ట్‌వేర్ చాలా వెర్షన్లలో "టైలు (సమాన విలువలు) ఉన్నాయి, కచ్చితమైన పి విలువ లెక్కించలేను" అని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికకు అర్థం చెప్పగలిగే మనిషి కోసం డాక్టర్లు వెతుక్కుంటారు. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష సిలబస్‌లో కూడా సైన్, రన్, విల్‌కాక్సన్, మాన్-విట్నీ, కొల్మొగొరొవ్-స్మిర్నొవ్ పరీక్షలు ఉన్నాయి, అన్నీ ఈ పేపర్‌లోవే. వయసు 21 నుంచి 30 మధ్య ఉండాలి, నీకు బోలెడు టైముంది. తెలంగాణ నుంచి దానికి కూర్చునేవాళ్లు ఇంకా ఎక్కువ మంది ఉండాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మెషిన్ లెర్నింగ్ వేరే ఊరని సీనియర్లు అనుకుంటున్నారు. కాదు, పక్క వాడకట్టే. దగ్గరున్న పొరుగు అంకెలను చూసి కొత్తదాన్ని అంచనా వేసే కె-నియరెస్ట్ నైబర్‌ను 1951లో రాసిన ఫిక్స్, హాడ్జెస్ స్టాటిస్టిక్స్ వాళ్లే, ఆ హాడ్జెస్ పేరు పైన ఒకసారి వచ్చింది కూడా. 1979 నాటి ఎఫ్రాన్ బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ శాంపిల్ తీయడం), 2001 నాటి బ్రీమన్ ర్యాండమ్ ఫారెస్ట్ (చాలా నిర్ణయ చెట్లను కలిపి అంచనా వేయడం) రెండూ ముందే ఆకారం ఊహించని పద్ధతులే. ర్యాండమ్ ఫారెస్ట్ ఒక్కో చెట్టును బూట్‌స్ట్రాప్ శాంపిల్ మీదే పెంచుతుంది. ఈ పేపరు చదివి పోతే అమీర్‌పేటలో చెప్పేది నీకు సగం తెలిసిన కథలా వినిపిస్తుంది. చదవకుండా పోతే బటన్ ఎక్కడుందో నేర్చుకుని వస్తావు. పైథాన్, ఆర్ రెండూ ఉచితం. డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో సాయంత్రాలు రెండు గంటలు కూర్చుంటే ఆరు నెలల్లో చేతికొస్తాయి. ఎమ్మెస్సీ అయ్యాక కూడా కోర్సు కావాలనిపిస్తే అప్పుడు ఆలోచిద్దాం, అప్పటికి ఏం అడగాలో నీకే తెలుస్తుంది.

బీఎడ్ గురించి అమ్మతో గొడవ పడకు. ఆమె అడిగేది బీఎడ్ కాదు, నువ్వు చేతిలో ఏదో ఒకటి లేకుండా మిగిలిపోకూడదని. ఎమ్మెస్సీ అయ్యాక కూడా బీఎడ్ చేయొచ్చని చెప్పు, కొంత నిమ్మళిస్తుంది.

ఈ ఆదివారం ఇంటికి పోయినప్పుడు బాపు దాచిన తక్‌పట్టీలు అడుగు. అమ్మిన ప్రతిసారి అడ్తిదారు ఇచ్చేవి, మూడు నాలుగేళ్లవి సందుగలో ఉండే ఉంటాయి. తేదీ, రకం, బస్తాలు, తూకం, ధర ఒక్కో వరుసలో ఎక్కించు. ఎక్కడ ఎండబెట్టిందీ, తాలు కాయ వేరు చేశారో లేదో వాటి మీద ఉండదు. అది బాపు పక్కన కూర్చుని అడిగి రాయాలి. పక్కింటి ఇద్దరు ముగ్గురు రైతులవి కూడా దొరికితే ఒకే రోజు అమ్మిన జతలు ఆరు కాదు, అరవై వస్తాయి. ఆ షీటు పట్టుకుని గైడ్ దగ్గరికి పో, ప్రాజెక్టు టాపిక్ అదే. తేదీ చెరిగిపోయిన పట్టీలను ఊహించి రాయకు, పక్కన పెట్టి ఎన్ని పెట్టావో లెక్క రాసుకో.