మెలకువా? మెళకువా? సంతృప్తి దోషమా?

సందేహం: మా సంఘంలో డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు పంచిన కరపత్రంలో “ఆత్మీయ సంతృప్తి ప్రమాదకరం, మెళకువగా ఉండండి” అని అచ్చువేశారు. ‘మెళకువ’ సరైన రూపమేనా? సంతృప్తిని దోషంగా చెప్పవచ్చునా?

సమాధానం: మొదటి సందేహం చిన్నది. ల, ళ తారుమారు కావడం తెలుగులో కొత్త కాదు గాని, నేటి వాడుకలో ఈ రెండు రూపాలూ వేర్వేరు పనులకు స్థిరపడ్డాయి. వంటలోనో సేద్యంలోనో అనుభవంతో పట్టుబడే నేర్పు మెళకువ. నిద్రకు ఎదురైనది మెలకువ. మేలుకొను, మేలుకొలుపు అనే మాటల కుటుంబంలోనిది ఈ రెండవదే. తెలుగు బైబిలులో గెత్సేమనే తోటలో శిష్యులతో యేసు అన్న మాట “మెలకువగా ఉండి ప్రార్థనచేయుడి” అనే ఉంది. అక్కడి గ్రీకు క్రియకు నిద్రపోకుండా ఉండటమే మూలార్థం; గ్రెగొరీ అనే పేరు దాని నుంచి పుట్టినదే. ప్రకటన గ్రంథంలో సార్దీస్ అనే ఊరి సంఘానికి రాసిన లేఖలో అదే క్రియను మన అనువాదకులు ‘జాగరూకుడవై’ అన్నారు. ఆ ఊరివారికి ఈ మాట గట్టిగానే తగిలి ఉంటుంది: ఎవరూ ఎక్కలేరనుకొని కావలి పెట్టని కొండవైపు నుంచే వారి పట్టణం క్రీ.పూ. 6వ శతాబ్దంలో పారసీక రాజు కోరెషు సేనలకు, 3వ శతాబ్దంలో గ్రీకు రాజు మూడవ అంతియొకసు సేనలకు చిక్కింది.

రెండవ సందేహం అసలైనది. సంతృప్తిని దోషంగా చెప్పడం భాషకూ కుదరదు, బైబిలుకూ కుదరదు. ఏ స్థితిలో ఉన్నా ఆ స్థితిలో ‘సంతృప్తి’ కలిగి ఉండటం నేర్చుకొన్నానని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు. తిమోతికి రాసిన మొదటి లేఖలో ‘సంతుష్టి సహితమైన దైవభక్తి’ గొప్ప లాభమన్నాడు. కరపత్రం రాసినవారు చెప్పదలచినది ఇక చాలులే అనే ధీమాను. అదే ప్రకటన గ్రంథంలో లవొదికయ అనే ఊరి సంఘం తన ధనాన్ని చూసుకొని ‘నాకేమియు కొదువలేదు’ అని చెప్పుకొన్నందుకు మందలింపు పొందింది. ఇరవైమూడవ కీర్తనలో దావీదు ‘నాకు లేమి కలుగదు’ అన్నప్పుడు అది విశ్వాసమైంది. రెండు వాక్యాల అర్థం దాదాపు ఒక్కటే అయినా, దావీదు వాక్యానికి ముందు ‘యెహోవా నా కాపరి’ అని ఉంది; లవొదికయవారి మాటలో ధనం ఉంది గాని కాపరి లేడు. సంతృప్తికీ ధీమాకూ ఉన్న తేడా చూపడానికి నాకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకలేదు.

ఈ ధీమాకు తెలుగు బైబిలులోనే మంచి మాటలున్నాయి. ఆమోసు గ్రంథంలో సీయోనులో ‘నిర్విచారముగా’ ఉన్నవారికి శ్రమ అన్నారు. విచారమంటే సంస్కృతంలో ఆలోచన, తెలుగు వాడుకలో దిగులు. కాబట్టి దిగులూ ఆలోచనా రెండూ లేని స్థితి ఆ ఒక్క మాటలో ఇమిడింది. సామెతల గ్రంథం మొదటి అధ్యాయంలో బుద్ధిహీనులు క్షేమము కలిగినదని ‘మైమరచి’ నశిస్తారని ఉంది. అయితే నేడు మైమరపు అనగానే మంచి పాట వింటున్న మనిషి గుర్తుకు వస్తాడు గనుక, కరపత్రానికి ‘ఏమరుపాటు’ మేలు.

విచిత్రమేమంటే, కరపత్రంలోని ‘ప్రమాదకరం’లోనే వారికి కావలసిన మాట దాగి ఉంది. మనం అపాయమనే అర్థంలో వాడే ‘ప్రమాదం’ సంస్కృతంలో ప్రధానంగా ఏమరుపాటే. మత్తు, మదం అనే మాటలకు మూలమైన ధాతువే దీనికీ మూలం. అందువల్ల అప్రమత్తుడంటే, మాట పుట్టుకను బట్టి, మత్తులో లేనివాడు. పేతురు మొదటి లేఖ అయిదవ అధ్యాయంలో ‘మెలకువగా ఉండుడి’ అనే మాటకు ముందున్న ‘నిబ్బరమైన బుద్ధి’ వెనుక ఉన్న గ్రీకు క్రియకూ మత్తులో లేకుండా ఉండటమనే మూలార్థం. థెస్సలొనీకయులకు రాసిన మొదటి లేఖలో అదే క్రియను ‘మత్తులము కాక’ అని నేరుగా అనువదించారు. సంస్కృతం, గ్రీకు రెండూ ఒకే పోలికను పట్టుకోవడం ముచ్చటగా ఉంది.

కాబట్టి ఆ వాక్యాన్ని “ఆత్మీయ జీవితంలో ఏమరుపాటు తగదు, మెలకువగా ఉండండి” అని దిద్దుకోవచ్చు. ‘ఆత్మీయ’ అనే మాటకు బయట ‘దగ్గరివారు’ అనే అర్థమే ఎక్కువ ప్రచారంలో ఉన్నా, క్రైస్తవ వాడుకలో ఆత్మకు సంబంధించినదనే అర్థం బాగా పాతుకొన్నది గనుక, సంఘంలో పంచే కాగితంలో దానిని మార్చనక్కరలేదు.