‘బాయ్’ అంటే ‘అబ్బాయ్’ కాదు

సందేహం: 1967 నాటి అమెరికన్ పోలీసు సినిమా ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’కి మా ఫిల్మ్ క్లబ్బు కోసం తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. నల్లజాతి డిటెక్టివ్ టిబ్స్‌ని ఊరి పోలీసు చీఫ్ గారు ‘బాయ్’ అంటారు. అక్కడ ‘అబ్బాయ్’ అని రాయవచ్చా? నన్ను ‘మిస్టర్ టిబ్స్’ అంటారని అతను బదులిస్తాడు. ‘మిస్టర్’ని అలాగే ఉంచాలా? పరిచయంలో ‘నల్లజాతి ప్రాతినిథ్యత’ అని రాశాను, సరైనదేనా? – ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: చివరిది ముందు తేల్చేద్దాం. ప్రతినిధి నుంచి వచ్చింది ప్రాతినిధ్యం. రాయాల్సింది ‘ధ’, ‘థ’ కాదు. ‘త’ కూడా అక్కర్లేదు. వైవిధ్యాన్ని ‘వైవిధ్యత’ చేయడమూ ఇలాంటి పొరపాటే.

ఇక ‘బాయ్’. మన ‘అబ్బాయ్’లో ఆప్యాయత ఉంది. సినిమా కథ జరిగేది అమెరికా దక్షిణాది రాష్ట్రం మిసిసిపీలో. అక్కడి పోలీసు నోట ఆ మాటలో అది లేదు. ఆ రోజుల్లో అక్కడి తెల్లవాళ్లు నల్లవాళ్లకు ‘మిస్టర్’, ‘మిస్’ తగిలించేవాళ్లు కారు. ఎంత వయసొచ్చినా మగవాడు ‘బాయ్’, బాగా ముసలివాడైతే ‘అంకుల్’. ఈ రెండోది మనకు పెద్ద ఉచ్చు. తెలుగులో ‘బాబాయ్’ అంటే మర్యాద, అక్కడ ‘అంకుల్’ అనడం ‘మిస్టర్’ని ఎగ్గొట్టే దారి. 1963లో పొరుగు రాష్ట్రం అలబామా కోర్టులో మేరీ హామిల్టన్ అనే నల్లజాతి హక్కుల ఉద్యమకారిణిని ప్రాసిక్యూటర్ ‘మేరీ’ అని పిలిస్తే, ‘మిస్ హామిల్టన్’ అనేదాకా జవాబు చెప్పనని ఆమె అన్నారు. కోర్టు ధిక్కారమని శిక్ష వేశారు. 1964లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సినిమా వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకే.

కాబట్టి ‘బాయ్’కి నేనైతే ‘ఏరా’ అని రాస్తాను. తండ్రి వయసున్న పాలేరుని కామందు కొడుకు ‘ఏరా’ అనడం మన పల్లెల్లో పెద్దవాళ్లు చూసిందే. ఆ ‘రా’లో ఉన్నదే ఈ ‘బాయ్’లోనూ ఉంది. 

‘మిస్టర్’ దగ్గర అసలు చిక్కు వస్తుంది. మన సినిమాల్లో ‘ఏయ్ మిస్టర్!’ అంటే గొడవకు దిగుతున్నట్టు. మర్యాద ఎప్పుడో జారిపోయింది. పోనీ ‘గారు’ అందామంటే, తన పేరుకు తనే ‘గారు’ తగిలించుకునేవాణ్ణి చూసి మనవాళ్లు నవ్వుతారు. అయితే ఇక్కడ చీఫ్ ప్రశ్న ‘మీ ఊరు ఫిలడెల్ఫియాలో నిన్నేమని పిలుస్తారు?’ అని. అంటే టిబ్స్ చెబుతున్నది ఇతరుల పిలుపు. ‘టిబ్స్ గారూ అని పిలుస్తారు!’ అని రాయండి. ‘గారూ’లో దీర్ఘం తీసేయకండి, అది ఉంటేనే ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తుంది.

మీరు అడగనిది ఒకటి. మీ ఉత్తరంలో చీఫ్ ‘గారు’, ఆయన ‘అంటారు’. టిబ్స్ మాత్రం ‘అతను’, ‘బదులిస్తాడు’. ఇద్దరూ పోలీసు అధికారులే. పైగా హత్య కేసుల్లో ఆరితేరినది రెండో ఆయన. తప్పు పట్టడం లేదు, మన క్రియలు అలా అలవాటుగా పడిపోతాయి. ఇంగ్లీషులో ఇద్దరూ ‘హీ’నే కాబట్టి రచయిత తప్పించుకుంటాడు. తెలుగులో ప్రతి వాక్యం చివరా డు, రు తేల్చాల్సిందే. టిబ్స్‌గా సిడ్నీ పోయిటియే తెరమీద ఎంత నిటారుగా నిలబడినా, పరిచయంలో మీ ‘డు’ ఆయన్ని ఒక మెట్టు దించుతుంది. ఇద్దరికీ ‘రు’ పెట్టండి, లేదా ఇద్దరికీ ‘డు’.

ఆఖరి సీను జాగ్రత్త. రైల్వేస్టేషన్‌లో టిబ్స్ పెట్టెను చీఫ్ మోసుకొస్తాడు, కానీ పిలిచేది మొదటి పేరుతో ‘వర్జిల్’ అనే. ‘మిస్టర్’ అప్పటికీ నోట రాదు. అక్కడ ‘జాగ్రత్తండీ’ అంటే లేని మార్పు చూపించినట్టు, ‘జాగ్రత్తరా’ అంటే వచ్చిన మార్పును చెరిపేసినట్టు. ‘వర్జిల్... జాగ్రత్త’ అని వదిలేయండి.