గోల్ఫ్ ప్రశ్నలు – జవాబులు: సంఘం వేరు, టూర్ వేరు

ప్రశ్న: టీవీలో పీజీఏ టూర్ అంటారు, పీజీఏ చాంపియన్‌షిప్ అంటారు. రెండూ ఒకే సంఘం నడుపుతుందా? అసలీ సంఘాలు ఎందుకు పుట్టాయి?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఒకటి కాదు. చాంపియన్‌షిప్ నడిపేది పీజీఏ ఆఫ్ అమెరికా, అంటే అక్కడి ప్రొఫెషనల్ గోల్ఫర్ల (ప్రోల) సంఘం. అందులో ఎక్కువమంది మీరు టీవీలో చూసే ఆటగాళ్లు కారు. క్లబ్బుల్లో పాఠాలు చెబుతూ, షాపు చూసుకునే ప్రోలు.

మొదటి సంఘం 1901లో బ్రిటన్‌లో పుట్టింది. అప్పట్లో క్లబ్ ప్రోకి జీతం అంతంతమాత్రం. బంతులు అమ్మి, స్టిక్కులు చేసి, విరిగినవి బాగుచేసి నాలుగు డబ్బులు చూసేవాడు. ఆ షాపు మీద వచ్చేది కూడా తామే తీసుకుందామని కొన్ని క్లబ్బులు చూసేసరికి ప్రోలు కదిలారు. అప్పటికే మూడుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచిన జె.హెచ్. టేలర్ ముందు నిలబడ్డాడు. అంటే గొడవంతా పొట్టకూటి గురించే, ట్రోఫీల ఊసు తర్వాత వచ్చింది. 1903లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రిక డబ్బు పెట్టడంతో ప్రోల మ్యాచ్‌ప్లే (ఇద్దరు ముఖాముఖి తలపడే) పోటీ మొదలైంది.

అమెరికా సంఘం 1916లో న్యూయార్క్‌లో ఏర్పడింది. పెద్ద స్టోర్ల వ్యాపారి రాడ్‌మన్ వానమేకర్ దన్నుగా నిలిచాడు. ఆ అక్టోబరులోనే తొలి చాంపియన్‌షిప్ జరిగింది. జిమ్ బార్న్స్ గెలిచాడు. తర్వాత టీవీ డబ్బు వచ్చి పడింది. అది ఎవరి చేతిలో ఉండాలి, టోర్నమెంట్ల పెత్తనం ఎవరిది అన్న తగువు ముదిరి, 1968లో ఆడి సంపాదించేవాళ్లు వేరు కుంపటి పెట్టారు. ఆ ఏడాది చివర్లో రాజీ కుదిరి టోర్నమెంట్ ప్లేయర్స్ డివిజన్ ఏర్పడింది. 1975లో దాని పేరే పీజీఏ టూర్ అయింది. ప్లేయర్స్ చాంపియన్‌షిప్ టూర్‌ది. యూరప్‌తో జట్టుగా తలపడే రైడర్ కప్‌లో అమెరికా పక్షం మాత్రం ఇప్పటికీ పాత సంఘానిదే.

ఈ చరిత్రలో చెప్పుకోవడానికి బాగాలేని ముక్క కూడా ఉంది. తెల్లవాళ్లకే సభ్యత్వం అన్న నిబంధనను అమెరికా సంఘం 1934లో రాసుకుంది. నల్లజాతి గోల్ఫర్ చార్లీ సిఫర్డ్ పోరాటం, కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఒత్తిడి కలిశాకే 1961లో దాన్ని తీసేశారు.

ప్రశ్న: ముడసర్లోవ గోల్ఫ్ కోర్సులో క్యాడీగా (ఆటగాళ్ల బ్యాగు మోసే పని) చేస్తున్నాను. ఆట బాగానే వస్తుంది. ప్రో కావచ్చా?
– ఒక పాఠకుడు, ఆరిలోవ

జవాబు: నిక్షేపంగా కావచ్చు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలైనవాడే. క్యాడీగా డబ్బు తీసుకున్నంత మాత్రాన అమెచ్యూర్ (ప్రో కాని ఆటగాడి) హోదా పోదు.

దారులు రెండు. పోటీల్లో ఆడాలంటే 2006లో ఏర్పడిన పీజీటీఐ (ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా) పెట్టే క్వాలిఫైయింగ్ స్కూల్ అనే అర్హత పోటీ దాటాలి. పాఠాలు చెప్పాలంటే ఇండియన్ గోల్ఫ్ యూనియన్ కింద ఉన్న నేషనల్ గోల్ఫ్ అకాడమీ శిక్షణ తీసుకోవాలి. ఏ స్థాయి ఆట కావాలో ఒక అంచనా ఇస్తాం. అమెరికా సంఘం క్లబ్ ప్రోలకు పెట్టే 36 హోల్స్ పరీక్షలో కోర్సు రేటింగ్‌ను (ఆ కోర్సు కష్టాన్ని చెప్పే అంకెను) రెట్టింపు చేసి 15 కలుపుతారు. రేటింగ్ 72 అయితే 159 దెబ్బలు దాటకుండా ముగించాలి. మన కోర్సు మీద వరుసగా రెండు రౌండ్లు ఒకే రోజు ఆడి, ప్రతి చిన్న పట్ (గుంట దగ్గర బంతిని దొర్లించే దెబ్బ) కూడా పూర్తిగా కొట్టి లెక్క రాసుకోండి. చాలామంది సాయంత్రం రౌండ్లో, ఆఖరి ఆరు హోల్స్‌లో చతికిలబడతారు.

ప్రశ్న: మా అబ్బాయికి హ్యాండీక్యాప్ పోటీలో కప్పు బదులు నగదు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: వద్దు. 2022 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం గ్రాస్ స్కోరు (కొట్టిన దెబ్బల అసలు లెక్క) మీద జరిగే పోటీలో అమెచ్యూర్ 700 పౌండ్లు లేదా 1000 డాలర్ల విలువ వరకు నగదు తీసుకోవచ్చు. ఆటగాడి స్థాయిని బట్టి లెక్కలో కొన్ని దెబ్బలు తగ్గించే హ్యాండీక్యాప్ పోటీలో అదే విలువ వరకు వస్తువో వోచరో తీసుకోవచ్చు గానీ నగదు మాత్రం కూడదు. అందరూ పొరబడేది ఇక్కడే. హోల్ ఇన్ వన్ (ఒక్క దెబ్బకే బంతి గుంటలో పడటం) బహుమతికి పరిమితి లేదు, కారు ఇచ్చినా సరే. డబ్బు తీసుకుని పక్కవాళ్లకి పాఠాలు చెప్పినా, ప్రోల సంఘంలో సభ్యుడైనా అమెచ్యూర్ హోదా పోతుంది. దరఖాస్తు పెట్టి తిరిగి తెచ్చుకోవచ్చు, మామూలుగా ఆరు నెలలు ఆగాలి.

ప్రశ్న: కొత్త గ్రిప్ వేయించాను. వారానికే చేతిలో తిరిగిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: మూడింటిలో ఒకటి అయ్యుంటుంది: పాత టేపు జిగురు పూర్తిగా గీకలేదు, ఆరకముందే ఆడారు, లేదా సైజు తేడా. షాఫ్ట్ (స్టిక్కు కాడ) చివర 0.580 అంగుళాలుంటే 0.600 గ్రిప్ వదులవుతుంది.

ఇంట్లోనే మార్చుకోవచ్చు. పాతది వంకీ బ్లేడుతో కోయండి. మామూలు బ్లేడు గ్రాఫైట్ షాఫ్ట్ మీద గాటు పెడితే అక్కడే విరుగుతుంది. జిగురు తుడిచి, గ్రిప్ పొడవునా రెండువైపులా అంటుకునే టేపు వేసి, అర అంగుళం అదనంగా ఉంచి షాఫ్ట్ బోలులోకి మడవండి. గ్రిప్ చివరి రంధ్రాన్ని టీతో (బంతిని నిలబెట్టే పుల్లతో) మూసి, లోపల వైట్ స్పిరిట్ పోసి కుదిపి, అదే టేపు మీద ధారగా పోయండి. వెంటనే ఒకే ఊపులో తోసేయాలి. స్పిరిట్ పిసినారితనంగా పోస్తే సగంలో పట్టేస్తుంది, ఇక ముందుకీ రాదు, వెనక్కీ పోదు. గ్రిప్ మీది గుర్తును సరిగా తిప్పుకోవడానికి కొన్ని సెకన్లే ఉంటాయి. రాత్రంతా ఆరనివ్వండి. స్పిరిట్ మండుతుంది, వంటింట్లో ఈ పని పెట్టుకోవద్దు.