చింతతోట పెడతానన్నావంట

ఒరేయ్ అబ్బోడా,

బెంగళూరు ఉద్యోగం చేసుకుంటూనే మన మెట్టపొలంలో చింతతోట పెడతానని అన్నావంట, మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఒక పిల్లోడికైనా భూమి మీద మనసు పోయిందని ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నాటడం గురించి నీకు పెద్దగా చెప్పేదేం లేదు. గింజ వేసి పెంచితే కాపుకి చాలా ఏళ్లు ఆగాలి, కాయ కూడా తల్లిచెట్టు లాగే వస్తుందన్న నమ్మకం లేదు, కాబట్టి అంటు మొక్కలే కొను, నాలుగైదేళ్లకు కాయ చూస్తావు. పది మీటర్లకొకటి పెడితే ఎకరాకు నలభై పడతాయి. అంటు కింద నుంచి వచ్చే చిగుళ్లు గిల్లేయాలి. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోయాలి, అది ఎండకు తట్టుకునే చెట్టే కదా అని వదిలేయొద్దు. చెట్లు ఎదిగేదాకా మధ్యలో ఉలవలో చెనిక్కాయలో వేసుకో. రకం సంగతికి అనంతపురం దగ్గర రేకులకుంట పరిశోధన స్థానానికి వెళ్లి అడుగు, కాయ లోపల ఎర్రగా ఉండే అనంత రుధిర అనే రకం వాళ్లదే.

ఇప్పుడు అసలు సంగతి. మన బావి దగ్గర చింతచెట్టు కింద ఆడుకోవద్దని మీ అవ్వ మిమ్మల్ని ఎందుకు తిట్టేదో మీ నాయన నీకు చెప్పి ఉండడు. మా నాయన ఒక ఏడాది ఆ చెట్టు కాపునంతా పూత మీదే ఒక వ్యాపారికి గుత్తకు ఇచ్చేశాడు. చేతిలో డబ్బు లేదు, వ్యాపారి ముందే ఇస్తానన్నాడు, ఒప్పుకున్నాడు. మార్చిలో కాయ రాలగొట్టే సమయానికి మబ్బు పట్టింది. పండిన కాయ తడిస్తే బూజు పడుతుందని వ్యాపారికి టెన్షన్. రాత్రి జల్లు పడి కొమ్మలన్నీ తడిగా ఉన్నాయి, ఎండ వచ్చేదాకా ఆగండి అని మా అమ్మ అంటూనే ఉంది, నాయన మాత్రం చెట్టు వాళ్ల చేతిలో ఉంది మనకెందుకు అన్నాడు. ఎక్కినవాడు మన ఊరి పిల్లోడే, పెళ్లై ఏడాది కూడా కాలేదు. పైకొమ్మ మీద కాలు జారింది. నడుము విరిగింది, ప్రాణం దక్కింది కానీ మళ్లీ సరిగ్గా నడవలేదు. ఆస్పత్రి ఖర్చు చెట్టుగలాయనదే అని వ్యాపారి, గుత్తదారుడిదే అని నాయన. ఇద్దరూ మాటలు విసురుకుంటుంటే అమ్మ పాడి ఆవును అమ్మి ఆ డబ్బు వాళ్లింటికి పంపింది. ఊరంతా చింతచెట్టు దయ్యం తోసిందన్నారు. నాకు ఇప్పటికీ ఆ మాట వింటే కోపం వస్తుంది. దయ్యం ఏం చేసింది? తడి కొమ్మ, తొందర, ఎవరి పూచీయో ముందు మాట్లాడుకోకపోవడం, ఇవే తోశాయి.

అందుకని చెప్తున్నాను, నీ తోటలో మనిషి చెట్టెక్కే అవసరమే రాకూడదు. చిన్నప్పుడే తల తుంచి, కొమ్మలు పక్కలకు పాకేలా పెంచు. కింద పట్టలు పరిచి దోటితో దించుకోవచ్చు. కర్రలతో బాదించొద్దు, లేత రెమ్మలు పోతే వచ్చే ఏడాది పూత కూడా పోతుంది. ఎత్తు చెట్లే కావాలి, దిగుబడి ఎక్కువని ఎవరైనా చెప్తే వినకు రా, నా మాట విను.

అమ్మకం దగ్గర కూడా జాగ్రత్త. హిందూపురం మార్కెట్‌లో కరిపులి అనే రకం చింతపండుకి ఒక ధర, ఫ్లవర్ అనే రకానికి ఇంకో ధర, కరిపులికే ఎక్కువ. పెంకు, నార, పిక్క తీసి శుభ్రం చేస్తేనే ఆ ధర. అది ఆడవాళ్ల చేతి పని. రోజంతా చింతపండు కొట్టి మా అమ్మ వేళ్లు పగిలిపోయేవి, రాత్రి అన్నం కలుపుకుంటే మంట. నువ్వు వాళ్లకు కూలి కిలో లెక్కన ఇచ్చినా సరే, ఆ వేళ్లను గుర్తుపెట్టుకుని ఇవ్వు. పిక్కలు పారేయకు, వాటి పిండిని బట్టలకు గంజి పెట్టడానికి కొంటారు. కొత్త పండులో కాస్త ఉప్పు కలిపి ముద్దలు చేసి జాడీలో పెట్టి నాకు పంపు, ఇక్కడ కొట్లో దొరికేది నల్లగా పాతవాసన వేస్తుంది. చిగురొచ్చినప్పుడు కూడా పంపాలి, నీకు చిన్నప్పుడు చింతచిగురు పప్పు ఉంటే ఇంకో కూర అక్కర్లేదు, గుర్తుందా? పచ్చికాయ తొక్కు మాత్రం నేనే వచ్చి నూరిపెడతాను, మీ అమ్మ పసుపు తక్కువ వేస్తుంది.

ఆరోగ్యం చూసుకో, శనివారం రాత్రుళ్లు బండి మీద ఊరికి రావొద్దు, బస్సెక్కు. గుంతలు తీసే ముందు నాకు చెప్పు, ఎక్కడెక్కడ తీయాలో కర్రలు పాతి చూపిస్తాను. ఇక ఎప్పుడైనా కాపు గుత్తకు ఇవ్వాలనుకుంటే, కాగితం రాసేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకో. ఎవరైనా పడితే ఖర్చు ఎవరిదో మొదటి లైన్‌లోనే రాయిస్తాను.

మీ అత్త