పసరు వైద్యుడి మనవరాలు క్యాన్సర్ మందు కనిపెడతానంటోంది... ఏం చదివించాలి?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. నేను గవర్నమెంట్ టీచర్‌ని. మా అమ్మాయి బైపీసీ చేసి నీట్ రెండుసార్లు రాసింది. ఎంబీబీఎస్ వచ్చే ర్యాంకు రాలేదు. ఇప్పుడేమో మొక్కల సారాలతో చర్మ క్యాన్సర్‌కు మందు కనిపెట్టే పరిశోధన చేస్తానంటోంది. మా నాయన పసరు వైద్యం చేసేవాడు, రాచపుండ్లు (క్యాన్సర్ పుండ్లు) కూడా మాన్పాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఈమెకూ అదే ఆసక్తి. మా అమ్మ అరికాలి మీద ఆరు నెలలుగా మానని నల్లటి పుండుకు తనే ఏదో ఆకు నూరి కడుతోంది, అంత శ్రద్ధ. బీఏఎంఎస్, బీఫార్మసీ, బీఎస్సీలలో ఏది మంచిది? ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ పెట్టించమంటారా? అసలు సెటిల్ అవుతుందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: సార్, మీరు అడిగింది మూడు కోర్సుల గురించి. భయం మాత్రం ఆఖరి వాక్యంలో ఉంది. హనుమకొండలో నా దగ్గరికి ఏటా నీట్ ఫలితాల తర్వాత వచ్చేవాళ్ళలో ఎక్కువమందిది ఇదే భయం. నిన్నటిదాకా ‘మా బిడ్డ డాక్టర్ అయితది’ అని చుట్టాలకు చెప్పుకున్నాం, రేపు ఏ పెళ్ళిలోనో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఈ మాట ఎవరూ పైకి అనరు. ‘స్కోప్ ఉందా సార్?’ అంటారు.

అందుకే ముందు దానికే జవాబు చెబుతాను. మీ అమ్మాయి వెనకబడలేదు. రెండేళ్ళు పోయాయని మీరు లెక్కేస్తున్నారు. ఆ రెండేళ్ళు రుద్దిన బయాలజీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ నేను చెప్పబోయే ప్రతి దారిలోనూ అక్కరకొస్తాయి. ఫార్మసీ చదివి ఇంట్లో కూర్చున్నవాళ్ళను చూశాను, బోటనీ చదివి మంచి జీతం తెచ్చుకుంటున్నవాళ్ళనూ చూశాను. ల్యాబ్‌లో చేయి తిరిగిన పిల్లలు ఏ కోర్సు నుంచి వచ్చినా ఎక్కడో ఒకచోట కుదురుకున్నారు. మీ పిల్ల కూడా కుదురుకుంటుంది.

ఇక మొక్కల సంగతి. ఇక్కడ నాకు కొంచెం అనుమానం ఉంది, దాచను. ఈ మధ్య ‘హెర్బల్’ మాట ఎత్తకుండా వెళ్ళే బైపీసీ పిల్లలు తక్కువ. ఫలానా ఆకు క్యాన్సర్ కణాలను చంపేస్తుందట అని ఫోన్‌లో వీడియో చూసి వస్తారు. అబద్ధం కాదు. ల్యాబ్‌లో గాజు పళ్ళెంలో పెంచిన మెలనోమా (చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైన రకం) కణాల మీద సారం పోస్తే చాలాసార్లు చస్తాయి. బ్లీచింగ్ నీళ్ళు పోసినా చస్తాయి. మందు అనిపించుకోవాలంటే పక్కనున్న మంచి కణాల జోలికి పోకూడదు, ఒంట్లోకి వెళ్ళాక అరిగిపోకుండా గడ్డ దాకా చేరాలి, ప్రతిసారీ ఒకే మోతాదులో ఒకేలా పనిచేయాలి. పసుపులోని కుర్కుమిన్‌నే చూడండి. దాని మీద వేల పేపర్లు వచ్చాయి. నోటితో మింగితే రక్తంలోకి చేరేది మాత్రం చాలా కొంచెం. ఇప్పటిదాకా ఏ క్యాన్సర్‌కూ అది ఆమోదం పొందిన మందు కాలేదు.

అలాగని మొక్కలను తీసిపారేయలేం. బిళ్ళగన్నేరు మీ వాకిట్లో కూడా ఉండే ఉంటుంది. 1950లలో కెనడాలో దాని ఆకులు షుగర్‌కు పనికొస్తాయేమోనని పరీక్షిస్తుంటే ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోవడం కనిపించింది. షుగర్ మందు దొరకలేదు గానీ క్యాన్సర్ మందులు దొరికాయి. విన్‌బ్లాస్టిన్, ఆ వెనకే విన్‌క్రిస్టిన్. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ ఈ రోజుకీ వాడుతున్నారు. అయితే టన్ను ఎండుటాకు నుంచి వచ్చేది కొన్ని గ్రాములే. ఆ కొన్ని గ్రాములను వేరుచేసిన పనంతా కెమిస్ట్రీదే. పసిఫిక్ యూ చెట్టు బెరడు కథ ఇంకా పొడుగు. 1962లో బెరడు సేకరించారు, అందులోని పదార్థం నిర్మాణం 1971లో తేలింది, టాక్సాల్ పేరుతో క్యాన్సర్ మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది 1992 డిసెంబరులో. ముప్ఫై ఏళ్ళు! అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా దాదాపు 35,000 మొక్కల నమూనాల నుంచి లక్షకు పైగా సారాలు తీసి చూసింది. మందులుగా నిలబడ్డవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మీ అమ్మాయి ప్రత్యేకంగా చర్మ క్యాన్సర్ అంటోంది కాబట్టి ఒక్క కథ ఆమెకు చదివి వినిపించండి. మన చెలకల గట్ల మీద నానబాలు మొలుస్తుంది కదా, తుంచితే పాలు కారేది. దాని దాయాది ఒకటుంది, యుఫోర్బియా పెప్లస్. యూరప్ కలుపు మొక్క. ఆస్ట్రేలియాలో చర్మం మీది మచ్చలకు, పొక్కులకు దాని పాలు రాసుకోవడం పాత అలవాటు. అచ్చం మీ నాయన పసరు లాంటిదే. ఆ పాలలోంచి ఇంజినాల్ మెబ్యుటేట్ అనే పదార్థాన్ని విడదీసి జెల్ చేశారు. ఎండకు దెబ్బతిన్న చర్మం మీద వచ్చే, ముందుముందు క్యాన్సర్‌గా మారే అవకాశమున్న గరుకు మచ్చలకు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. ముఖం మీదైతే మూడు రోజులు రాస్తే చాలు. పసరు గెలిచిందని అందరూ సంబరపడ్డారు. తర్వాత దాన్ని ఇంకో క్రీముతో పోల్చి మూడేళ్ళ పాటు చూస్తే, జెల్ రాసుకున్నవాళ్ళలో 3.3 శాతం మందికి రాసిన చోటే చర్మ క్యాన్సర్ కనిపించింది. రెండో క్రీము వాడినవాళ్ళలో అది 0.4 శాతం. 2020లో యూరప్ దాన్ని ఆపేసింది. క్యాన్సర్ రాకుండా రాసుకున్న మందే క్యాన్సర్ తెస్తోందేమో అన్న అనుమానంతో!

ఈ కథ విన్నాక కూడా ‘ఆ మూడేళ్ళ లెక్క ఎలా తీశారు?’ అని మీ అమ్మాయి అడిగితే పరిశోధనలో పెట్టండి. మొహం చిన్నబుచ్చుకుంటే ఇంకొన్నాళ్ళు ఆలోచించుకోమనండి.

ఇంకొక్క చేదు నిజం. మెలనోమా వైద్యాన్ని ఈ మధ్య తిరగరాసిన మందులు, 2011లో అనుమతి పొందిన ఇపిలిముమాబ్, 2014లో వచ్చిన పెంబ్రోలిజుమాబ్ లాంటివి, మన రోగనిరోధక శక్తికి పడిన తాళాన్ని తీసే యాంటీబాడీలు. ఏ మొక్క నుంచీ వచ్చినవి కావు. మిగతా చర్మ క్యాన్సర్లు చాలావరకు తొందరగా చూపించుకుంటే ఆపరేషన్‌తోనే నయమవుతాయి. అంటే మొక్క మందు పోటీ పడాల్సింది సర్జన్ కత్తితో. ఇష్టం మొక్కల మీదనా, క్యాన్సర్ మీదనా అన్నది ఆమె ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు గానీ, ఆ రెండు దారులూ ఒకటి కావని తెలిసుండాలి.

కోర్సులకొస్తే, నా ఓటు బీఫార్మసీకి. మొక్కను గుర్తుపట్టడం, సారం తీయడం, అందులో ఏముందో విడదీయడం, జంతువుల మీద చూడటం అన్నీ ఒకే చోట నేర్పే డిగ్రీ అదే. ఫార్మకాగ్నసీ అనే సబ్జెక్టు మొత్తం ఆమె అడుగుతున్నదే. కాకతీయ యూనివర్సిటీలోనే ఫార్మసీ కాలేజీ ఉంది, పిల్ల ఇల్లు దాటి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. తర్వాత జీప్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంఫార్మసీ గానీ, హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ ఫార్మసీ సంస్థ నైపర్ గానీ. పరిశోధన మీద మనసు విరిగినా, మందులో ఏ పదార్థం ఎంతుందో విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ నడపడం వచ్చిన పిల్లకు హైదరాబాద్ మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌లో పని దొరుకుతుంది. బీఎస్సీ అయితే కెమిస్ట్రీ ఉన్న గ్రూపే తీసుకోవాలి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000 ఫెలోషిప్. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ), హబ్సిగూడలోని సీసీఎంబీ (కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ) లాంటి చోట్లకు ఆ దారినే పోతారు. దారి పొడుగే. బీఏఎంఎస్ మంచి కోర్సే, వరంగల్‌లోనే ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీ ఉంది. రోగిని చూడాలనుకునేవాళ్ళకు అది సరిపోతుంది. పేరు ముందు ‘డాక్టర్’ కోసం మీరు దాన్ని లిస్టులో మొదట రాశారేమో ఒకసారి ఆలోచించుకోండి.

లాంగ్‌టర్మ్ సంగతి. సార్, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరమంతా రెండుసార్లు చదివాను. మూడోసారి రాస్తానని ఆ పిల్ల అన్నట్టు ఎక్కడా లేదు. ఏం చేయాలనుకుంటోందో తను స్పష్టంగా చెప్పింది, అది మీకు నచ్చలేదు, అంతే. మీరు టీచరు. క్లాసులో పిల్లవాడు ఒక జవాబు చెబితే, నాకు కావలసింది చెప్పేదాకా మళ్ళీ మళ్ళీ అడుగుతానంటే అది పాఠమవుతుందా? ఆ లాంగ్‌టర్మ్ ఫీజు పక్కన పెట్టండి, ఎంఫార్మసీకి పనికొస్తుంది.

మీ నాయన పసరు వైద్యం గురించీ రాశారు. ఆయన ఏ మొక్కను ఏ నెలలో తెచ్చేవాడో, ఏ భాగం వాడేవాడో, ఎవరికి వద్దనేవాడో మీ అమ్మ దగ్గర కూర్చుని రాయించండి. నల్లజీడి లాంటివి ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయని ఆయనకు తెలిసే ఉంటుంది, ఆ జాగ్రత్తలు కూడా రాయించండి. మొక్కను తప్పు గుర్తుపట్టి మూడేళ్ళ పని పోగొట్టుకున్న పరిశోధక విద్యార్థి నాకు తెలుసు. ఊరివాళ్ళ జ్ఞానాన్ని వాడుకుంటే లాభంలో వాళ్ళకూ వాటా ఇవ్వాలని 2002 జీవవైవిధ్య చట్టం చెబుతోంది, అదీ తెలుసుకోవాలి. ‘రాచపుండు మాన్పాడు’ అన్నదాన్ని మాత్రం ఎక్కడా రుజువుగా చెప్పొద్దనండి. ముక్క తీసి పరీక్ష చేయకుండా ఏ పుండు క్యాన్సరో, ఏది కాదో కంటితో తేల్చలేం. మానినవాటిలో మామూలు పుండ్లు ఎన్నో ఎవరికి తెలుసు? క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 చట్టం ప్రకారం నేరం కూడా.

చివరికి ఒక మాట. శ్రద్ధ అని మీరు మెచ్చుకుంటూ రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మీ అమ్మ అరికాలి మీద ఆరు నెలలుగా మానని నల్లటి పుండు. తెల్లవాళ్ళకు ఎండ తగిలే చోట మెలనోమా ఎక్కువ వస్తే, మనలాంటి వాళ్ళకు అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళ కింద కనిపించడం ఎక్కువ. మన దగ్గర అరుదైన జబ్బే, మీ అమ్మది మామూలు పుండో, షుగర్ పుండో కావచ్చు. కానీ ఆకు కట్టడం ఈ రోజే ఆపించండి. రేపు పొద్దున్నే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్ళండి, బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) అంటే వెనకాడకండి. పిల్లను కూడా వెంట తీసుకెళ్ళి రిపోర్టు తననే చదవమనండి. కౌన్సెలింగ్ తేదీలు ఆ తర్వాత చూద్దాం.